గాజు గోడల మధ్య మిగిలిన వంశం

ఫ్లోరిడా దక్షిణపు కొసన కీస్ అనే చిన్న దీవుల వరుస ఉంది. ఆ దీవుల వెంట, లోతు తక్కువ నీళ్లలో పిల్లర్ కోరల్ అనే పగడం ఉండేది. పగడాలు మామూలుగా బల్లపరుపుగానో గుండ్రంగానో కొమ్మలు కొమ్మలుగానో పెరుగుతాయి. ఇది మాత్రం నిటారుగా లేచేది. ఒకే మొదలు నుంచి అనేక స్తంభాలు, బాగా ముదిరినవైతే మూడు మీటర్ల ఎత్తు దాకా. చాలా పగడాలు రాత్రిపూట మాత్రమే చేతులు చాస్తాయి. ఇది పట్టపగలే చాచేది. అల వచ్చినప్పుడల్లా ఆ లేత చేతులన్నీ ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగేవి. దూరం నుంచి చూస్తే రాతికి బొచ్చు మొలిచినట్టుండేది. ఏడాదికి సెంటీమీటరో రెండో పెరిగే జీవి మనిషి ఎత్తును దాటాలంటే ఎన్ని తరాలు పడతాయో లెక్కేసుకోండి. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు సెలవుల్లో సెవెన్ మైల్ వంతెన దాటి కీ వెస్ట్ వెళుతుంటారు. ఈ కథంతా ఆ దారికి పక్కనున్న నీళ్లలోనే జరిగింది.

అంత నిలకడగా బతికిన జీవిలో ఒక బలహీనత ఉంది. పిల్లర్ కోరల్‌లో ఆడవి వేరు, మగవి వేరు. ఆగస్టు పున్నమి వెళ్లిన కొన్నాళ్లకు, చీకటి పడ్డాక, ఆడవి గుడ్లను, మగవి వీర్యాన్ని నీళ్లలోకి వదులుతాయి. రెండూ దగ్గర్లో ఉంటేనే కలిసే అవకాశం. ఫ్లోరిడాలో అవి ఒకదానికొకటి దూరమైపోయాయి. తుపానుకు విరిగిన ముక్క పక్కనే పడి, నిలదొక్కుకుని, మరో స్తంభమయ్యేది. అలా ఒక్కోచోట గుంపుగా కనబడేవన్నీ చాలాసార్లు ఒకే ప్రాణికి నకళ్లు. గుంపుకంతటికీ ఒకటే లింగం, ఒకటే తట్టుకునే శక్తి. గుడ్డు నుంచి పుట్టిన పిల్ల జాడ పరిశోధకులకు దొరకడమే గగనమైంది. ఉన్న పెద్దలు ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే కనబడింది. వాళ్ల వెనక మాత్రం ఎవరూ లేరు.

2014లో అమెరికా ప్రభుత్వం ఈ జాతిని ముప్పులో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. అసలు దెబ్బ ఆ ఏడాదే పడింది.

ఆ వేసవిలో నీళ్లు కాగాయి. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచే దానికి తిండి పెడుతుంది, రంగునిస్తుంది. వేడి మితిమీరితే ఆ నాచు పోయి పగడం తెల్లబారుతుంది. తెల్లబారినంత మాత్రాన చచ్చినట్టు కాదు. ఆకలితో మాడుతున్నట్టు. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. అయితే 2015 వేసవీ అలాగే కాగింది. ఆ రెండు వేసవుల మధ్య, మయామీ పక్కనున్న వర్జీనియా కీ దగ్గర ఒక కొత్త జబ్బు బయటపడింది. ఇరవైకి పైగా గట్టి పగడపు జాతులను పట్టే ఆ జబ్బుకు స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ అని పేరు పెట్టారు. కారకమేమిటో ఇప్పటికీ తేలలేదు. ఏళ్ల తరబడి అది దీవుల వెంట కిందికి దిగుతూ పోయింది. దాని దెబ్బకు అందరికంటే ముందు కూలిన జాతుల్లో పిల్లర్ కోరల్ ఒకటి.

ఇంట్లో గాజు ట్యాంకుల్లో పగడాలను, అంటే కోరల్స్‌ను పెంచేవాళ్లకు ఇలాంటి చావు ఎలా ఉంటుందో తెలుసు. (మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని ఇళ్లలో పెంచడం చెల్లదు, అది సబబే. నేను చెబుతున్నది అమెరికాలో, ఐరోపాలో పెంచేవాళ్ల సంగతి.) పొద్దున లైట్లు వెలిగేసరికి కోరల్ అడుగున గోరు వెడల్పున ఒక తెల్లటి పట్టీ కనబడుతుంది. వేడికి పాలిపోయిన తెలుపు కాదది, ఎముక బయటపడ్డ తెలుపు. పట్టీ అంచున పైపొర వదులై, పేలికలుగా ఊడి, పంపు తోసే నీటితో కొట్టుకుపోతుంటుంది. సాయంత్రానికి పట్టీ ఇంకాస్త పైకి పాకుతుంది. ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు ఉందా, వేడి 25, 26 డిగ్రీల దగ్గరే ఉందా, నీళ్ల ఆల్కలినిటీ (క్షారగుణం) రాత్రికి రాత్రి ఎగిరిందా పడిందా అని కొలుస్తారు. తేడా ఉంటే చటుక్కున సరిచేయరు. తేడా కంటే ఆ హఠాత్తు మార్పే ఎక్కువ చంపుతుంది. పట్టీ ఆగకపోతే ఇక కోయడమే. బాగున్న భాగంలోకి కాస్త జరిగి కోస్తారు. ముక్కను అయోడిన్ కలిపిన నీళ్లలో ముంచి తీసి, చిన్న దిమ్మె మీద సూపర్ గ్లూతో అంటించి, వెలుతురు తక్కువగా ఉన్న మూల నిలబెడతారు. తల్లిని వదులుకుని కొమ్మను దక్కించుకోవడమన్నమాట. ఎంతో ఇష్టంగా పెంచుకున్నదాన్ని చేతులారా కోయడం ఎంత కష్టమో కోసినవాళ్లకే తెలుసు.

సముద్రంలోనూ ఇదే పోరాటం జరిగింది. డైవర్లు నీటి అడుగున రంపపు యంత్రంతో జబ్బు అంచుకు అవతల గాడి తవ్వారు. అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ముద్దను, గోడ పగుళ్లకు లప్పం పెట్టినట్టు, చేత్తో అంచు వెంట అదిమారు. మందు పెట్టిన చోట జబ్బు చాలావరకు ఆగేది. వారాలు గడిచాక అదే స్తంభం మీద మరోచోట కొత్త పట్టీ మొదలయ్యేది. ఆ మందు ఉన్న గాయాన్ని మాన్పుతుందే గానీ రాబోయేదాన్ని ఆపలేదు. పైగా వందల కిలోమీటర్ల పగడపు దిబ్బకు ఉన్నదల్లా కొద్దిమంది డైవర్లు.

కరెన్ నీలీ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఫ్లోరిడాలో తెలిసిన ప్రతి పిల్లర్ కోరల్‌నూ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ పని. మొదట ఒక జాతి ఎలా బతుకుతోందో రాసుకుందామని వెళ్లినవాళ్లు. చివరికి అది ఎలా పోయిందో రాయాల్సి వచ్చింది. నిరుడు నిండుగా కనబడ్డ చోట ఈ ఏడు నాచు కమ్మిన మొండి స్తంభాలు. 2020 నాటికి బతికున్న పొరలో 90 శాతానికి పైగా పోయింది. శతాబ్దాల జీవి చాలాచోట్ల కొన్ని వారాల్లోనే ముగిసిపోయింది. ఆ దిబ్బ మీద తన వంశాన్ని తాను నిలుపుకోగల స్థితిని ఈ జాతి దాటిపోయిందని ఆ బృందం ప్రకటించింది. 2022లో ప్రపంచ స్థాయి ఎర్ర జాబితాలోనూ పిల్లర్ కోరల్ అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి సరసన చేరింది.

అయితే జబ్బు దీవుల వెంట దిగుతుండగానే కొందరు ముందుచూపుతో ముక్కలు సేకరించడం మొదలుపెట్టారు. ఎన్ని వేర్వేరు వంశాలు దొరికితే అన్నిటి నుంచీ తలా ఒక కొమ్మ. వాటిని ఒడ్డు మీది ట్యాంకుల్లోకి చేర్చారు. సముద్రాన్ని గదిలో కట్టిపెట్టే విద్యలో చాలా భాగం ఇళ్లలో కోరల్స్ పెంచేవాళ్ల మధ్య, వాళ్లకు సరుకు చేసే కంపెనీల్లో పెరిగిందే. సూర్యకాంతిని పోలిన ఎల్ఈడీ లైట్లు, నీళ్ల వేడిని, రసాయనాలను కనిపెట్టే కంట్రోలర్లు, ముక్క కోసి అంటించే పద్ధతి అన్నీ అక్కడ రాటుదేలాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ఆ పనిముట్లతోనే ట్యాంకులోకి ఏడాది మొత్తాన్ని తెచ్చింది. పగటి పొడవు, ఋతువుల వేడి, వెన్నెల పెరగడం తరగడం కూడా అందులో ఉన్నాయి. పసిఫిక్ పగడాలు ఆ గదిలోనే గుడ్లు పెట్టాయి.

టాంపాకు దక్షిణాన అపోలో బీచ్‌లో ఫ్లోరిడా అక్వేరియం నడిపే కేంద్రం ఆ పద్ధతిని పిల్లర్ కోరల్‌కు వర్తింపజేసింది. 2019 ఆగస్టులో ట్యాంకులోని ముక్కలు గుడ్లు, వీర్యం వదిలాయి. ఇలా ఏర్పరచిన ఋతువులతో అట్లాంటిక్ పగడమొకటి గుడ్లు పెట్టడం అదే మొదలు. సముద్రంలో ఒకదానికొకటి అందనంత దూరాన నిలిచిన వంశాలు ఒకే తొట్టెలో కలిశాయి. పిల్లలు పుట్టాయి. ఒక్కో పిల్లా కంటికి ఆననంత చిన్నది. నాచు కమ్మితే చాలు, ఊపిరాడక పోతుంది. అందుకే ఆ నాచును మేయడానికి చిన్న చిన్న నత్తల్ని వదులుతారు. వాటిని కాపాడే వాళ్లకు పండగలూ సెలవులూ ఉండవు. కరెంటు పోతే కొన్ని గంటల్లో అంతా పోతుంది కాబట్టి జనరేటర్లూ అంతే సిద్ధంగా ఉండాలి. 2020లో ఒర్లాండోలో మరో కేంద్రం తెరిచారు. జబ్బు సోకకముందే సముద్రం నుంచి తీసిన ఇతర జాతుల పగడాలను అమెరికాలోని అనేక రాష్ట్రాల అక్వేరియాలు పంచుకుని పెంచుతున్నాయి.

ఇక 2023 జులై. ఫ్లోరిడాలోని మనాటీ బే అనే లోతులేని అఖాతంలో నీటి వేడి 38.4 డిగ్రీలు నమోదైంది. కీస్‌లోని సోంబ్రెరో అనే పగడపు దిబ్బ మీద స్వచ్ఛంద సంస్థలు ఏళ్లపాటు నాటి పెంచిన పగడాలన్నీ చచ్చిపోయాయి. నాటేందుకు పగడాలను పెంచే సముద్రపు నర్సరీల్లో మిగిలినవాటిని పడవల్లో ఎక్కించి లాంగ్ కీలోని కీస్ మెరైన్ ల్యాబొరేటరీ ట్యాంకులకు తరలించారు. సముద్రపు ప్రాణిని బతికించాలంటే సముద్రంలోంచి బయటికి తీయక తప్పని రోజు అది. పిల్లర్ కోరల్‌కు ఆ రోజు ముందే వచ్చింది, అంతే.

ట్యాంకుల్ని చూసి జాతి దక్కిందని చెప్పుకోవడం నాకు నచ్చదు. తొట్టెలో ఉన్నది వంశం. చేపలకు గూడై, అలల బలాన్ని తగ్గించి, తీరాన్ని కాచిన దిబ్బ కాదు. ఇళ్లలో పెంచేవాళ్లు కొత్తవాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పే మాట ఒకటుంది: పాతది ఎందుకు చచ్చిందో తెలిసి, నీళ్లు కుదుటపడేదాకా కొత్త కోరల్ పెట్టొద్దు. ఫ్లోరిడా నీళ్లలో ఆ జబ్బు కారకమేదో తేలలేదు, వేసవి వేడి తగ్గలేదు. అపోలో బీచ్‌లో పుట్టిన పిల్లలు పెరిగి పెద్దయినా, ఆ నియమం ప్రకారం వాటిని దించడానికి ఇంకా చోటు లేదు.