బర్సీమ్

బర్సీమ్ (ట్రైఫోలియమ్ అలెగ్జాండ్రినమ్) ఫాబేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక పశుగ్రాసపు మొక్క. దీనిని ఈజిప్షియన్ క్లోవర్ అని కూడా అంటారు. ఇది 1904లో ఈజిప్టు నుండి సింధ్ ప్రాంతానికి తీసుకురాబడినది. చల్లని వాతావరణం, నీటి వసతి దీనికి అవసరము. అందువలన ఉత్తర భారతదేశంలో విరివిగాను, చలికాలం స్వల్పమైన తెలుగు ప్రాంతాలలో తక్కువగాను సాగుచేయబడుతున్నది.

అక్టోబరులో ఎకరాకు 8-10 కిలోల విత్తనం చల్లుతారు. ఇందులో కలుపుగా తరచు చికోరీ (కాఫీలో కలిపేదే) విత్తనాలు ఉంటాయి. ఉప్పునీటిలో వేస్తే అవి తేలుతాయి. వాటిని తీసివేసి, మునిగిన విత్తనాన్ని మంచినీటితో కడగాలి. మొదటిసారి వేసే పొలమైతే రైజోబియం కల్చరు పట్టించాలి, లేనిచో వేరుబుడిపెలు సరిగా ఏర్పడవు. మొదటి కోత 50-60 రోజులకు, తరువాతివి 25-30 రోజులకొకసారి వస్తాయి.

లేత బర్సీమ్‌ను మంచు తడితో, వేరే మేత లేకుండా మేపితే పశువులకు కడుపు ఉబ్బరం వస్తుంది. తీవ్రమైతే కొద్ది గంటలలోనే మరణించవచ్చు. కావున కోసిన మేతను కొంత వాడనిచ్చి, వరిగడ్డి లేదా చొప్ప కలిపి వేయాలి.