విల్లును చుట్టి వెళ్లే అమ్ము

విల్లు ఎక్కుపెట్టిన మనిషిని వెనకనుంచి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. అల్లెత్రాడు విల్లుకు నడిమధ్యన ఉంటుంది. అమ్ము మాత్రం పిడికి ఒక పక్కన ఆనుకుని ఉంటుంది. వదలగానే తాడు నడుముకు వచ్చేస్తుంది కాబట్టి, పిడి మందం అమ్మును పక్కకు నెట్టాలి. లెక్క ప్రకారం అది గురికి ఎడంగా పోవాలి. మంచి అమ్ము పోదు, నేరుగా గురిలోనే దిగుతుంది. 1913లో అమెరికా విలుకాడు, వైద్యుడు రాబర్ట్ ఎల్మర్ ఈ చిక్కుకు ‘ఆర్చర్స్ పారడాక్స్’ అని పేరు పెట్టాడు.

దాన్ని విప్పింది కెమెరా. క్లారెన్స్ హిక్మన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1930లలో అతివేగంగా ఫొటోలు తీసే కెమెరాను విల్లు ముందు పెట్టాడు. అమ్ము పుల్లలా బిగుసుకుని పోవడం లేదని, పాములా మెలికలు తిరుగుతూ పోతోందని ఆ ఫొటోలు చూపించాయి. వెనకనుంచి తాడు తోయగానే కాడ ఒకవైపు వంగుతుంది, మరుక్షణం రెండోవైపు వంగుతుంది. ఆ ఊపులోనే పిడిని చుట్టి, ఈకలు కూడా తగలకుండా దాటిపోతుంది. గాలిలో కాస్త దూరం వెళ్లాక ఊగిసలాట సద్దుమణుగుతుంది.

అంటే గురి సగం కాడ బిరుసులోనే ఉందన్నమాట. కుడిచేతి వాటం వాడి చేతిలో మరీ మెత్తని కాడ ఎక్కువ వంగి కుడికి పోతుంది. మరీ బిరుసైనది చాలినంత వంగక ఎడమకు పోతుంది. బొటనవేలితో తాడు లాగే తురుష్క, మొగలు విలుకాళ్లు అమ్మును విల్లుకు కుడిపక్కన ఉంచేవారు. వాళ్లకు ఇదంతా తారుమారు.

కెమెరా చెప్పిన సంగతి చేతులకు ఎప్పుడో తెలుసు. 1991లో ఆల్ప్స్ కొండల్లో మంచు కరిగి, సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి దేహం బయటపడింది. పరిశోధకులు అతన్ని ఓట్జీ అంటారు. అతని అమ్ములపొదిలో 14 కాడలున్నాయి. వాటిలో 2 మాత్రమే పూర్తయ్యాయి, మిగిలినవన్నీ పని మధ్యలో ఆగినవే. చాలావరకు వైబర్నమ్ అనే పొద మొక్క కొమ్మలు. చెట్టు మాను చీల్చి కాకుండా, సన్నగా నిటారుగా పెరిగిన రెమ్మనే ఎంచుకుంటే పీచు తెగదు. పీచు తెగని కాడ వంగుతుందే తప్ప విరగదు.

ఆ పని ఎలా సాగేదో కళ్లారా చూసి రాసిపెట్టే అవకాశం సాక్స్టన్ పోప్ అనే శస్త్రవైద్యుడికి దక్కింది. కాలిఫోర్నియాలోని యాహీ తెగలో చివరివాడు ఇషీ. తన వాళ్లంతా పోయాక, 1911 ఆగస్టులో ఒరోవిల్ పట్టణం దగ్గర ఒంటరిగా జనం కంటపడ్డాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన పోప్ అతని దగ్గరే విలువిద్య నేర్చుకున్నాడు. ఇషీ హేజెల్ రెమ్మలు కోసి, బెరడు గీకి, కట్టగట్టి ఆరబెట్టేవాడు. వంకర ఉన్నచోట నిప్పుల సెగ చూపించి, వేడి మీదే అరచేత్తోనో కాలి బొటనవేలితోనో నొక్కి సరిచేసేవాడు. కాగిన కర్ర మెత్తబడుతుంది, చల్లారాక పెట్టిన రూపంలో నిలుస్తుంది. తర్వాత రెండు ఇసుకరాళ్ల మధ్య రుద్ది నునుపు చేసేవాడు. అతని దగ్గర తక్కెడ లేదు, కొలబద్ద లేదు. ఇషీ 1916లో క్షయతో చనిపోయాడు. 1923లో వచ్చిన పోప్ పుస్తకం అమెరికాలో విల్లంబుల వేటకు మళ్లీ ఊపిరిపోసింది.

ఇంగ్లండ్‌లో ఇదే పని రాజ్యం పట్టించుకునేంత పెద్ద వృత్తి. 1416లో ఐదో హెన్రీ కాలంలో, పావుకోళ్ల వంటి చెక్క చెప్పులు చేసేవాళ్లు ఆస్పెన్ కర్ర వాడకూడదని చట్టం తెచ్చారు. అమ్ములకు కర్ర కరువవుతుందని భయం. 1545లో రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద రాసిన పుస్తకంలో కాడకు పనికొచ్చే కర్రలు 15 లెక్కపెట్టి, యుద్ధానికి బరువైన ఆష్ మేలన్నాడు. అదే ఏడాది జులైలో మేరీ రోజ్ అనే యుద్ధనౌక పోర్ట్స్‌మత్ దగ్గర మునిగింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన వేల అమ్ముల్లో ఎక్కువవి ఆస్పెన్ కుటుంబానికే చెందిన పాప్లర్ కర్రవి. పుస్తకం ఒకటి చెప్పింది, ఓడ మరొకటి చూపింది. ఇలాంటిచోట ఓడనే నమ్మాలి.

మన దేశంలో గడ్డి, వెదురు ఈ పని చేశాయి. శరం అనే మాటకు బాణమనీ, రెల్లు జాతి గడ్డి అనీ రెండర్థాలూ ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బాణాల పట్టిక వేణువుతో, అంటే వెదురుతో మొదలవుతుంది. రెండోది శరం, చివరిది ఇనుప నారాచం. లోపల గుల్లగా ఉండే కాడ బరువు తక్కువ, బిరుసు ఎక్కువ.

కాడ బిరుసుకు అంకె వచ్చింది 20వ శతాబ్దంలోనే. దాన్ని విలుకాళ్లు ‘స్పైన్’ అంటారు. 26 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద కాడను పెట్టి, నడుమ 2 పౌన్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, 26ను ఆ అంకెతో భాగిస్తారు. 0.52 అంగుళం కుంగితే స్పైన్ 50 పౌన్లు, అంటే లాగడానికి దాదాపు 50 పౌన్ల బలం పట్టే విల్లుకు సరిపోయే కాడ. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్ కాడలను ఇలాగే 5 పౌన్ల తేడాతో జతలు కట్టి అమ్మేవారు. తేలికైన, నిటారు పీచున్న కర్ర అది. 1950ల నుంచి ఆ అడవులను వేరుకుళ్లు తెగులు తింటోంది.

అంకె కుదరకపోతే కాడను మార్చే దారులున్నాయి. గరుకు కాగితంతో చుట్టూ రుద్ది సన్నం చేస్తే మెత్తబడుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. గుండ్రని కాడ బిరుసు వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి, వ్యాసం నూటికి 5 వంతులు తగ్గితే బిరుసు 18 వంతులకు పైగా పోతుంది. బరువైన ములికి తొడిగితే కాడ విల్లు మీద మెత్తగా ప్రవర్తిస్తుంది. పొడవు కోస్తే బిరుసెక్కుతుంది. కోసింది మళ్లీ అతకదు కనుక అనుభవజ్ఞులు ముందు ములికి మార్చి చూస్తారు. కర్రలో వలయాలు ఏ దిక్కున ఉంటే ఎక్కువ బిరుసో చూసి, ఆ వైపు విల్లుకు ఆనేలా తాడు గాడి కోస్తారు. ఒకే చెట్టు కర్రలోనూ రెండు కాడలు ఒకలా వంగవు. డజను అమ్ములు జత కలపడానికి ఎన్నో కాడలు పక్కన పెట్టాలి.

ఈ బెడదే డగ్ ఈస్టన్ అనే కాలిఫోర్నియా అమ్ముల తయారీదారును లోహం వైపు తిప్పింది. 1922 నుంచి సీడర్ అమ్ములు చేస్తున్న ఆయన 1939లో అల్యూమినియం గొట్టాలతో చేశాడు. తర్వాత కార్బన్ వచ్చింది.

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన ఆటలో ఇప్పుడు కర్ర కాడల జాడ లేదు. అయితే కార్బన్ కాడ మీద అచ్చువేసిన అంకెను ఈసారి గమనించండి. 500 అని ఉంటే, 28 అంగుళాల ఎడంలో 880 గ్రాముల బరువుకు ఆ కాడ అర అంగుళం కుంగిందని అర్థం.