మంచాలు లోపలికి పోయిన వేసవి

మా దిక్కు ఎండాకాలం వచ్చిందంటే ఇల్లు వాకిట్లోకి వచ్చేది. పొద్దుగూకంగనే వాకిలి ఊడ్చి, నాలుగు బిందెల నీళ్లు చల్లి, నులక మంచాలు వాల్చేవాళ్లు. గద్వాల నడిగడ్డ కానీ, వనపర్తి కానీ, నల్లమల అంచున అచ్చంపేట కానీ, ఎక్కడైనా ఇదే వరస. దొంగల భయం లేక కాదు. వాడంతా బయటే పడుకుంటే దొంగ ఏ సందున దూరతాడు? ముసలివాళ్లకు ఎటూ నిద్ర పట్టదు. వాళ్ల దగ్గే ఊరికి గస్తీ.

2018 మే నెలలో గద్వాల, వనపర్తి పల్లెల్లో ఆ మంచాలు లోపలికి పోయాయి. అంత ఉక్కలోనూ జనం తలుపులు బిగించుకుని, లైట్లు ఆర్పుకుని ఇళ్లలోనే పడుకుంటున్నారు. ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లు అది గమనించి పైవాళ్లకు చెప్పారు. నేరమేమీ జరగలేదు. ఎఫ్ఐఆర్ రాయాలంటే ఏమని రాస్తారు, మంచాలు కనబడటం లేదనా? అయినా మన జిల్లాల పదేళ్లలో ఠాణాకు చేరిన కబుర్లలో విలువైనది ఏదంటే నేను ఈ మంచాల కబురునే చెబుతాను.

పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, అచ్చంపేట ఉన్న ఈ మూడు జిల్లాలూ విడివడింది 2016 అక్టోబర్ 11న, దసరా నాడు. పదేళ్ల సంచికకు పోలీసులతో ప్రజల భాగస్వామ్యం మీద రాయమన్నారు. ఆ మాటను సభల ఫ్లెక్సీల మీద చూసి చూసి కళ్లు అలిసిపోయాయి గానీ, దాని అసలు కథ జిల్లాల కంటే చాలా పాతది.

నిజాం కాలంలో ఊరికి ముగ్గురు పెద్దలు. శిస్తు మాలీ పటేల్‌ది, లెక్కలు పట్వారీవి, తగాదాలూ దొంగతనాలూ పోలీసు పటేల్‌వి. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఊళ్లోకి కొత్త మనిషి ఎవడు వచ్చాడు అన్న కబుర్లు ఠాణాకు పంపే పని అతనిదే. అతని కింద తలారి, మస్కూరి. వాళ్లకు దక్కేది కల్లంలో ఇన్ని గింజలు. మా సంస్థానాల సంగతి ఇంకో తీరు. వనపర్తి రాజావారైతే రక్షణకు సముద్రం అవతలి మనుషుల్నే పెట్టుకున్నారు. ఆ ఆఫ్రికా గుర్రపు దళం తర్వాత నిజాము కొలువులో చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు వాళ్లదే. మాసబ్ ట్యాంక్ పక్కన బస్సు దిగేవాళ్లలో ఎందరికి తెలుసో!

పటేళ్ల కాలం బంగారమని నేను అనను. పటేల్ కన్ను అందరి మీదా ఒకే తీరుగా పడేది కాదు. దొంగతనం జరిగిందంటే ముందు ఏ వాడకు పోయి ఎవర్ని కట్టేసేవారో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులన్నీ ఎత్తేసింది. మంచి పనే. కానీ ఊరికీ ఠాణాకూ మధ్య ఉన్న ఆ గతుకుల బాట కూడా దాంతోపాటే పోయింది. కొత్త బాట మాత్రం ఎవరూ వేయలేదు.

తర్వాతి పదేళ్లలో ఆ ఎడం పెద్ద అగాధమైంది. 1993 నవంబర్ 14న కొల్లాపూర్ దగ్గర సోమశిలలో నక్సలైట్ల మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు చనిపోయారు. ఆ రోజుల్లో నల్లమల అంచు ఊళ్లలో పగలు పోలీసుతో మాట్లాడితే రాత్రి సంజాయిషీ చెప్పుకోవాలి. మాట్లాడకపోతే పగలే చెప్పుకోవాలి. నోరు మూసుకోవడమే అందరికీ వచ్చిన విద్య.

మైదానంలో మా బాధలు చిన్నవి. ఆ కాలంలోనే సంతలో నా సైకిల్ పోయింది. ఠాణాకు పోతే, ఏ ఠాణా అన్నది ఇప్పుడెందుకు గానీ, ముందు ఒక దస్తా తెల్లకాగితాలు, రెండు కార్బన్ కాగితాలు కొనుక్కురమ్మన్నారు. తెచ్చాను. నా ఫిర్యాదుకు ఒక కాగితం చాలింది. సైకిల్ దొరకలేదు, మిగిలిన కాగితాలూ తిరిగి రాలేదు.

ఇలాంటి కాలంలో, 2000 సంవత్సరంలో, ఉమ్మడి రాష్ట్ర పోలీసు శాఖ ‘మైత్రి’ మొదలుపెట్టింది. ఠాణాకొక సంఘం, నెలకొక సమావేశం, అడవి ఊళ్లలో వైద్య శిబిరాలు, కుర్రాళ్లకు వాలీబాల్ పోటీలు. ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. చిక్కల్లా కుర్చీలతోనే. పంచాయతీ సభలో ముందు వరసలో కూర్చునేవాళ్లే మైత్రి సభలోనూ ముందు వరసలో కూర్చున్నారు. ఎస్సై పక్కన ఫొటో దిగినవాడు మర్నాటి నుంచి ఊళ్లో సగం ఎస్సై. అంటే పాత పటేలే, కొత్త చొక్కాలో.

2018 మార్చిలో రెమా రాజేశ్వరి ఎస్పీగా వచ్చారు. గద్వాల, వనపర్తి రెండూ ఆమె చేతిలోనే. రెండు జిల్లాల్లో కలిపి దాదాపు 400 ఊళ్లు. ఊరికొక పోలీసును గ్రామ పోలీసు అధికారిగా పెట్టారు. పేరుకు అధికారి గానీ చాలామంది కానిస్టేబుళ్లే. పని ఏమిటయ్యా అంటే ఊరికి పోవడం, రచ్చకట్ట మీద కూర్చోవడం, మనుషుల పేర్లు తెలుసుకోవడం. కేసు లేకుండా పోలీసు ఊళ్లోకి రావడమే జనానికి వింత. మంచాల సంగతి కనిపెట్టింది ఈ పోలీసులే. ఊరు రోజూ ఎట్లుంటదో చూసినవాడికే, ఊరు మారితే తెలుస్తుంది.

ఎందుకు లోపల పడుకుంటున్నారని అడిగితే జనం ఫోన్లు తీసి చూపించారు. పార్థీ ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని, మనుషుల్ని కోసి అవయవాలు తీస్తున్నారని వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకునే పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లు పిల్లాణ్ని తెచ్చి దించేసి, ఇంత తేలిగ్గా పోతారు సుమా అని హెచ్చరించే ముక్కను ఎవడో కత్తిరించాడు. పిల్లల్ని కాపాడటానికి తీసిన బొమ్మ మనుషుల ప్రాణాలు తీసేదాకా పోయింది.

వదంతిని లాఠీతో కొట్టలేం. పోలీసు కళాబృందాలు ఊరూరా పాటలు కట్టి పాడాయి. డప్పు చాటింపు వేయించారు. చదువురాని ముసలమ్మకు వాట్సాప్ వీడియో అర్థమైనప్పుడు, దానికి జవాబూ చదువక్కరలేకుండా అందాలి కదా. సర్పంచులు, యువజన సంఘాల పిల్లలు తమ వాట్సాప్ గ్రూపుల్లో ఊరి కానిస్టేబుల్‌ను చేర్చుకున్నారు. అనుమానపు మెసేజ్ వస్తే పది మందికి పంపేముందు అతనికి పంపాలి. కొత్త మనిషి కనబడితే చెయ్యి చేసుకోకుండా ఫోన్ చెయ్యాలి. స్వచ్ఛంద సేవ అంటే ఇక్కడ ఇంతే. ఈలలూ టోపీలూ ఏమీ లేవు.

అదే మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి అనుకుని గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రాయిన్‌పాడలో అడుక్కుని బతికే సంచార జాతి మనుషులు ఐదుగురిని పంచాయతీ గదిలో పెట్టి చంపారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఆ వదంతికి ఒక్క ప్రాణమూ పోలేదు. జూలై 17న సుప్రీంకోర్టు మూక దాడులను ఆపడానికి జిల్లాకొక నోడల్ అధికారి ఉండాలంది. అదే నెలలో వాట్సాప్ సంస్థ ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది. మా డప్పు అప్పటికే మోగి ఉంది. ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

కొత్త మనిషి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మా ఊళ్లకు వచ్చే కొత్త మనుషులెవరు? గంగిరెద్దులవాళ్లు, బుడగజంగాలు, పూసలమ్మేవాళ్లు, మతి చెడి దారి తప్పినవాళ్లు. మరి మేమెవరం? పాలమూరు లేబర్. ముంబై, పుణె దాకా మూటా ముల్లె సర్దుకుపోయి, భాష రాని చోట గుడారాలేసుకుని, కాలువలు తవ్వి, రోడ్లు పోసి వచ్చినవాళ్లం. పరాయి ఊరి పొలిమేరలో నిలబడి నీళ్లడిగితే ఊరివాళ్లు ఎట్లా చూస్తారో ఇక్కడ ఇంటికొకరికి తెలుసు. పోలీసుల పాటకు మా ఊళ్లు చెవి ఒగ్గడంలో ఈ ఎరుక పాలు కూడా ఉందని నా నమ్మకం.

ఇక కర్ర సంగతి. వాలంటీర్ చేతికి కర్ర వచ్చిందంటే కథ అడ్డం తిరుగుతుంది. తమిళనాడు రామనాథపురంలో 1993లో ప్రతీప్ ఫిలిప్ అనే ఐపీఎస్ అధికారి మొదలుపెట్టిన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’కు చాలా ఏళ్లు మంచి పేరుండేది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీ తర్వాత చనిపోయిన ఉదంతంలో ఆ వాలంటీర్ల మీదా ఆరోపణలొచ్చాయి. జూలైలో ప్రభుత్వం ఆ దళాన్నే నిషేధించింది. ఛత్తీస్‌గఢ్‌లో కుర్రాళ్లకు తుపాకులే ఇచ్చారు. అది చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మన చట్టం మామూలు మనిషికి ఇచ్చింది చిన్న అధికారమే. కళ్లెదుట తీవ్రమైన నేరం చేసినవాణ్ని పట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా, ఎంత లేటైనా ఆరు గంటల లోపు పోలీసుకు అప్పగించాలి. కొట్టమని ఎక్కడా లేదు. ఊరి గ్రూపులో పిల్లలు ‘దొంగ దొరికాడు’ అని ఫొటో పెట్టినప్పుడల్లా నాకు ఈ ఆరు గంటలే గుర్తొస్తాయి.

ఇప్పుడు పోలీసుల ‘నేను సైతం’ పథకం కింద జనం చందాలేసుకుని పెట్టించిన సీసీ కెమెరాలున్నాయి. పనికొచ్చేవే. అయితే వాకిట్లోంచి మంచం మాయమైతే అది వింత అని కెమెరాకు తోచదు.

మంచాలు నిజంగానే తగ్గిపోయాయి లెండి. కూలర్లొచ్చాయి, దోమలు పెరిగాయి. దొంగ కూడా గోడ దూకడం మానేసి ఫోన్‌లోంచి వస్తున్నాడు. మోసపోతే 1930కి చెప్పాలని ఠాణా గోడ మీద రాశారు. మొన్న మా వీధి కిరాణా కొట్టు దగ్గరికి ఒక పెద్దమ్మ ఫోన్ పట్టుకుని గబగబా వచ్చింది. అవతల ఎవడో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

“బిడ్డా, బ్యాంకోళ్లంట, ఏదో నంబరు జెప్పమంటుండ్రు. జూడు.”

కొట్టు పిల్లాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి రెండు క్షణాలు విన్నాడు. టక్కున కట్ చేశాడు. “దొంగ నా కొడుకు పెద్దమ్మా. మళ్ల జేస్తే ఎత్తకు.”

ఆమె ఫోన్ కొంగున ముడేసుకుంటూ అన్నది: “అట్లనా! మంచిగ మాట్లాడుతుండె గదనే. అన్నం తిన్నవా అవ్వా అని గూడ అడిగిండు.”