ఆర్పని దీపం

ఆనంద నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ తదియ, మంగళవారం. ఇంగ్లీషు లెక్కలో 1914 సెప్టెంబరు 22. మద్రాసులో నవరాత్రుల మూడో రాత్రి. బొమ్మల కొలువులు తీర్చి, పేరంటాళ్లకు శనగలు పంచే రోజులు. సన్నని నెలవంక పెందరాళే కుంకింది. చీకటి సముద్రం మీదికి ఒకే ఒక వెలుగు చేయి చాచింది. అది హైకోర్టు గోపురం మీది దీపస్తంభం. 1894 నుంచి వెలుగుతోంది కాబట్టి ఆ రాత్రీ వెలిగింది.

ఆ వెలుగును చూసుకుంటూ తీరానికి వస్తున్న ఓడ పేరు ఎమ్డెన్. జర్మనీ వాళ్ల యుద్ధనౌక. పది ఫిరంగులు, మూడు పొగగొట్టాలు. దూరం నుంచి చూసినవాళ్లు ఇంగ్లీషు ఓడ అనుకోవాలని నాలుగో గొట్టాన్ని ఉత్తుత్తిగా నిలబెట్టుకుంది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. మాట మెత్తన, పద్ధతైన మనిషి. పట్టుకున్న ఓడల్లోని జనాన్ని దించేశాకే ఓడను ముంచేవాడు. దాని కెప్టెన్ భార్యాబిడ్డలు కూడా ఉన్న ‘కబింగా’ అనే ఓడను పట్టుకున్నా ముంచకుండా వదిలేశాడు. మర్యాదస్థుడైన దొంగ అన్నమాట.

రాత్రి తొమ్మిదిన్నరకు, తీరానికి మూడు వేల గజాల దూరంలో ఎమ్డెన్ ఆగింది. సెర్చిలైటు వెలిగింది. రేవు పక్కన బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు ఆ తెల్లటి వెలుగులో పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు కనిపించాయి.

ఆ నూనె సంగతి ఒక్క మాట. అది బర్మా నేలలో పుట్టి, రంగూను దగ్గర శుద్ధి అయి, ఓడలెక్కి మద్రాసు చేరేది. రంగూను రేవులోనూ మిల్లుల్లోనూ చెమటోడ్చిన కూలీల్లో గోదావరి, విశాఖ జిల్లాల తెలుగువాళ్లు వేలకు వేలు. కోరంగి రేవు నుంచి వెళ్లారని అక్కడివాళ్లు వాళ్లను కోరంగీలనేవారు. పల్లెటూరి బుడ్డిదీపంలో వెలిగిన కిరసనాయిలుకూ, ఊరొదిలి ఆ రేవుకీ ఈ రేవుకీ తిరిగిన ఆ మనుషులకూ దారి ఒకటే.

మొదటి ముప్ఫై గుళ్లలోపే ట్యాంకులు అంటుకున్నాయి. అరగంటలో నూట ఇరవై పైచిలుకు గుళ్లు పేలాయి. మూడున్నర లక్షల గాలన్ల దాకా, అంటే పదిహేను లక్షల లీటర్లకు పైగా నూనె తగలబడింది. రేవులో ఉన్న ‘చుప్రా’ అనే ఓడకు దెబ్బ తగిలింది. ఐదుగురికి తక్కువ కాకుండా చనిపోయారు. ఒక గుండు హైకోర్టు ఆవరణలోనే పడింది. తీరం మీది ఫిరంగులు బదులు పలికే సరికి ఆలస్యమైంది. ఒక్క గుండూ తగల్లేదు. ఎమ్డెన్ దీపాలార్పుకుని చీకట్లో కలిసిపోయింది.

లెక్కకు చిన్న నష్టమే. అయినా ఆ రాత్రి కూలింది ట్యాంకులొక్కటే కాదు. సముద్రం తెల్లవాడి పెరటి చెరువనీ, తెల్లవాడి నీడన ఉన్న ఊరికి దిగుల్లేదనీ మద్రాసు నమ్మింది. ఆ నమ్మకం నూనెతో పాటే కాలిపోయింది. మర్నాటి నుంచి రైళ్లు కిక్కిరిసిపోయాయి. బండ్లూ జట్కాలూ దొరికినవాళ్లు వాటి మీద, దొరకనివాళ్లు కాలినడకన ఊరు విడిచారు. వేల మంది వెళ్లిపోయారు. మద్రాసు నుంచి తెలుగులో దినపత్రికగా ఆంధ్రపత్రిక రావడం మొదలై అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం దాని గుమ్మంలోకే వచ్చింది. ‘ఎమ్డెన్’ అనే మాట తమిళంలో స్థిరపడిపోయింది. జిత్తులమారినీ, గట్టిపిండాన్నీ ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

నన్ను ఇన్నేళ్లుగా వేధించేది ఫిరంగి కాదు, ఎనిమిది రోజులు. ఎమ్డెన్ బంగాళాఖాతంలో ఓడలు పట్టుకోవడం మొదలుపెట్టింది సెప్టెంబరు 10న. 14 నాటికి ఆ కబురు కలకత్తా చేరింది, తంతి మీద అన్ని రేవులకూ పాకింది. అప్పటికీ దాడి జరిగిన రాత్రికీ మధ్య ఎనిమిది రోజులు. గోపురం మీది దీపాన్ని ఆర్పడానికి ఒక మనిషి, ఒక్క మాట చాలు.

నూనె మంట తీరే అంత. అది ముందు చెప్పకుండా రాదు. వచ్చాక మాత్రం మన మాట వినదు. దోసెల పెనం మీద నూనె అంటుకుంటే నీళ్లు చల్లకూడదని వంటింట్లో అందరికీ తెలుసు. నీళ్లు కిందికి దిగి ఆవిరై, మండుతున్న నూనెను ఎగజిమ్ముతాయి. ట్యాంకులోనూ అదే జరుగుతుంది, పెనం మాత్రం ఊరంత. అందుకే నురగ కావాలి. బాకూ నూనె బావుల దగ్గర పాఠాలు చెప్పుకుంటూ, మంటలను కళ్లారా చూసిన అలెగ్జాండర్ లోరాన్ అనే రష్యన్ మాస్టారు ఆ నురగను కనిపెట్టి, 1904లోనే పేటెంటు తీసుకున్నాడు. నూనె మీద దుప్పటిలా పరుచుకుని గాలిని తెంపడమే దాని పని. మద్రాసుకు 1908 నుంచి ఫైర్ సర్వీసు ఉంది. ఊళ్లో మంటలకు అది సరే. సముద్రం నుంచి వచ్చే మంటను ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

ఈరోజుల్లో పుస్తకాలకు కొదవలేదు. ట్యాంకుల చుట్టూ డైకు గోడ కట్టాలి, పెద్ద ట్యాంకు మొత్తం కారినా అందులో పట్టాలి. కాలుతున్న ట్యాంకును ఆర్పడంతో పాటు పక్క ట్యాంకులనూ నీటి జల్లుతో చల్లబరచాలి. లేకపోతే వేడికి అవీ అందుకుంటాయి. ఆ నీళ్లు నాలుగు గంటలకు సరిపడా నిల్వ ఉండాలి. ఇవన్నీ ఊరికే రాసినవి కావు, ప్రతి వాక్యం వెనకా ఎక్కడో ఒక శ్మశానం ఉంది.

ఒకటి మనదే. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం, విశాఖపట్నం. హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో వంటగ్యాసు లీకై, మబ్బులా కమ్ముకుని అంటుకుంది. అరవై మంది దాకా పోయారు. అదీ సెప్టెంబరే. మరొకటి 2009 అక్టోబరు 29 సాయంత్రం జైపూర్‌లో. సీతాపుర డిపోలో ఒక వాల్వు దగ్గర పెట్రోలు ఫౌంటెన్‌లా చిమ్మింది. కంట్రోల్ రూమ్ నుంచి మూసే ఏర్పాటు అప్పటికి పనిచేయడం లేదు. దగ్గరకు వెళ్తే ఆవిరికి మనిషి నిలబడలేడు. తోటివాణ్ని కాపాడబోయిన అధికారీ ఒరిగిపోయాడు. గంటా పావు. పేలుడుకు ముందు అంత వ్యవధి దొరికింది. పేలాక మంటలార్పే పంపులే మొదట పోయాయి. ట్యాంకులు పదకొండు రోజులు కాలాయి. పదకొండు మంది చనిపోయారు. ఎంబీ లాల్ కమిటీ వేసి, దూరం నుంచి వాల్వు మూసే ఏర్పాటూ, లీకు పసిగట్టే పరికరాలూ తప్పనిసరి అన్నారు.

మద్రాసుకు ఎనిమిది రోజులు, జైపూర్‌కు గంటా పావు. వ్యవధి ఎంత అన్నది ఒక్కోచోట ఒక్కో లెక్క.

ఇక ఎమ్డెన్ కథ. మద్రాసు తర్వాత నలభై ఎనిమిదో రోజు, నవంబరు 9. కోకోస్ దీవుల దగ్గర తంతి తీగలు తెంపడానికి మనుషులను ఒడ్డుకు దించింది. గుర్తుతెలియని ఓడ వచ్చిందని దీవిలోని తంతి ఆఫీసు వాళ్లు అప్పటికే కబురు పంపేశారు. కాసేపటికి దూరాన పొగ కనిపించింది. తమ బొగ్గు ఓడ ‘బురెస్క్’ వస్తోందనుకున్నారు. ఎదురుచూస్తున్నదదే కదా, ఎదురుచూసేదే కంటికి కనిపిస్తుంది. వచ్చింది ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ. దాని ఫిరంగులు పెద్దవి, దూరం నుంచే కొట్టాయి. ఒడ్డుకు దిగినవాళ్లు తిరిగి ఓడ ఎక్కలేకపోయారు. మాడి మసైన ఎమ్డెన్‌ను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ముల్లరే ఎక్కించాడు. నూట ముప్ఫై మందికి పైగా పోయారు. మద్రాసు నూనెను అంటించిన ఓడకు అలా తనవాళ్ల పొగను గుర్తుపట్టడంలో పొరపాటు జరిగింది. శత్రువైనా సరే, ఆ చావును తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ముల్లర్ ఖైదీగా మాల్టా వెళ్లాడు. 1923లో చనిపోయాడు.

హైకోర్టు ప్రహరీకి ఆ రాత్రిని చెప్పే రాతిపలక ఒకటి ఉంది. పక్కనుంచి లాయర్లు చంకలో ఫైళ్లతో పరుగెత్తుతుంటారు, దాన్ని చదివేవాళ్లు తక్కువ. దీపస్తంభం 1977లో మెరీనాకు తరలిపోయింది. నూనె మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉత్తరాన తండయార్‌పేటలో, కొరుక్కుపేటలో, మణలిలో ట్యాంకులు పెరిగాయి. 2023 డిసెంబరు 27న తండయార్‌పేటలో ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో వెల్డింగ్ పని చేస్తుండగా ఎథనాల్ ట్యాంకు పేలి, ఒక కాంట్రాక్టు కార్మికుడు చనిపోయాడు.

ఆ వైపు ఒకసారి తిరిగాను. ఎవరి గోడో పేరెందుకు, దాని పక్కన ట్యాంకర్ల వరుస. వరుసకు ఇరవై అడుగుల్లో టీ కొట్టు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గోడ మీద ‘పొగ తాగరాదు’ అని మూడు భాషల్లో ఉంది. కొట్టు నడిపే అక్క నాయుడుపేట వైపు మనిషి. అరవై దాటి ఉంటుంది.

“ఇంత దగ్గర పొయ్యి పెట్టావేం అక్కా, ఏమీ అనరా?” అన్నాను.

“అంటారు నాయనా. పొద్దున అంటారు, సాయంత్రం ఇక్కడే టీ తాగుతారు.” గ్లాసు కడిగి బోర్లించింది. “అప్పుడప్పుడు సైరను కూస్తుంది, డ్రిల్లంట. అందరూ లోపల్నించి బయటికొచ్చి నిలబడతారు. ఆ రోజు బేరం బాగుంటుంది.”

పాలు మళ్లీ పొంగాయి. ఆవిడ మంట తగ్గించింది.