విచారణకు రాని సాక్షి
ఇస్లామీ న్యాయశాస్త్రంలో నేరం మోపినవాడే రుజువు తేవాలి. ముద్దాయి మాట వినకుండా ఖాజీ తీర్పు చెప్పరాదు. ఈ సూత్రం విలువ వరంగల్ సుబేదార్ హబీబ్ మొహమ్మద్ కేసులో తేలింది.

1947 డిసెంబరు 9న గుర్తూరు గ్రామ దహనానికి, హత్యలకు ఆయనే బాధ్యుడని అభియోగం. పోలీసు చర్య అనంతరం ప్రత్యేక న్యాయమూర్తి మరణశిక్ష విధించగా, హైకోర్టు ఖాయపరచింది. 1953 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసింది. ఘటనాస్థలంలో ఉన్న పోలీసు అధికారి బియాబానీని ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి పిలవనే లేదు. ముద్దాయి కోరిన సాక్షులనూ రప్పించలేదు. ఆ లోపం భారం ముద్దాయిపై పడరాదన్నది కోర్టు తర్కం. గ్రామస్థుల గోడు అబద్ధమని కాదు దీని అర్థం.

1951లో మాత్రం, న్యాయవాది లేకుండానే మరణశిక్ష పడిందన్న తెలంగాణ రైతాంగ పోరాట ముద్దాయిల మొరను ఇదే కోర్టు తోసిపుచ్చింది.