స్టాక్ కార్ రేసుల్లో ఇంజినీరు పని: పిల్లలూ, తల్లిదండ్రులూ తెలుసుకోవలసిన సంగతులు

"నేను రేసు కార్ల ఇంజినీరు అవుతాను సార్" అని మన పదో తరగతి పిల్లాడొకడు అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ల నాన్న "కార్ల పందేలు కూడు పెడతాయా సార్?" అని అడిగారు. రెండూ న్యాయమైన మాటలే. ఇద్దరికీ జవాబుగా ఇది రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే పనికొస్తుంది.

స్టాక్ కార్ అంటే ఏమిటి?

ఇది అమెరికా ఆట. షోరూములో అమ్మకానికి పెట్టే మామూలు కారును అక్కడ స్టాక్ కార్ అనేవారు. మొదట్లో అలాంటి కార్లతోనే పందేలు జరిగేవి, అందుకే ఆ పేరు నిలిచింది. ఇప్పటి కారుకు పైపోలిక మాత్రమే మిగిలింది, లోపలంతా పందెం కోసమే చేసిన యంత్రం. ఈ పందేలను నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. దాని కేంద్రం ఫ్లోరిడాలోని డేటోనా బీచ్. జట్లలో ఎక్కువ భాగం మాత్రం నార్త్ కరోలినాలో షార్లట్ నగరం చుట్టుపక్కల ఉన్నాయి. హెండ్రిక్ జట్టు కాంకార్డ్‌లో, జో గిబ్స్ జట్టు హంటర్స్‌విల్‌లో, పెన్స్కీ జట్టు మూర్స్‌విల్‌లో పని చేస్తాయి. ప్రధాన పోటీ అయిన కప్ సిరీస్‌లో ఏడాదికి 36 రేసులు ఉంటాయి.

అక్కడ ఇంజినీరు ఏం చేస్తాడు?

టీవీలో టైర్లు మార్చేవాళ్లను చూసి వాళ్లే ఇంజినీర్లు అనుకుంటారు చాలామంది. కాదు. నాలుగు టైర్లు సుమారు 10 సెకన్లలో మార్చే ఆ పనికి ఎక్కువగా మంచి ఆటగాళ్లను తీసుకుంటారు. ఇంజినీర్ల పనులు వేరే:

- రేసు ఇంజినీరు: స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లలో గాలి ఎంత ఉండాలో ముందే కంప్యూటర్‌లో లెక్క కట్టి చూస్తాడు.
- ఏరోడైనమిక్స్ ఇంజినీరు: కారు మీద గాలి ఎలా పారుతుందో విండ్ టన్నెల్‌లోనూ కంప్యూటర్‌లోనూ పరీక్షిస్తాడు.
- ఇంజన్ ఇంజినీరు: 8 సిలిండర్ల ఇంజన్ బలాన్నీ మన్నికనూ చూస్తాడు.
- డేటా, వ్యూహం చూసే ఇంజినీరు: పెట్రోలు ఎన్ని చుట్లకు సరిపోతుంది, కారును ఎప్పుడు లోపలికి పిలవాలి అన్నది లెక్క వేస్తాడు.

2022లో కొత్త కారు వచ్చింది. అందులో చాలా భాగాలను అన్ని జట్లూ ఒకే సరఫరాదారు దగ్గర కొనాలి. భాగాలు అందరివీ ఒకటే అయినప్పుడు, వాటిని ఎలా అమర్చాలో బాగా లెక్క కట్టినవాడిదే పైచేయి.

మీ పుస్తకంలో ఉన్న లెక్కే

డేటోనా ట్రాక్ మలుపుల దగ్గర రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. ఎందుకో పదకొండో తరగతి ఫిజిక్స్‌తో చెప్పొచ్చు. ఘర్షణ సాయం లేకుండా వాలు రోడ్డు మీద తిరగగల వేగం: వ్యాసార్ధం, g, కోణం టాన్ విలువ మూడింటినీ గుణించి వర్గమూలం తీయాలి. టాన్ 31 సుమారు 0.6, మలుపు వ్యాసార్ధం సుమారు 300 మీటర్లు, g 9.8. గుణిస్తే 1764. దాని వర్గమూలం 42. అంటే సెకనుకు 42 మీటర్లు, గంటకు 151 కిలోమీటర్లు. కానీ కార్లు అక్కడ గంటకు 300 కిలోమీటర్ల దాకా పోతాయి. మిగిలిన భారమంతా టైర్ల పట్టూ, కారును కిందికి అదిమే గాలీ మోయాలి. దాన్ని చూసుకునేవాడే ఇంజినీరు.

ఈ లెక్కలు ప్రాణాలు కాపాడతాయి

2001 డేటోనా 500 రేసు ఆఖరి చుట్టులో పేరుమోసిన డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు గుద్దుకుని చనిపోయారు. ఆ ఏడాదే తలనూ మెడనూ పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేశారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజినీర్లు రూపొందించిన, ఉక్కు గొట్టాల వెనక నురుగు దిమ్మెలు పెట్టి దెబ్బను మింగే గోడలు 2002 నుంచి ట్రాక్‌లలోకి వచ్చాయి. 2020లో అదే రేసు చివర్లో ర్యాన్ న్యూమన్ కారు ఘోరంగా పల్టీ కొట్టింది. రెండు రోజులకే ఆయన తన ఇద్దరు కూతుళ్ల చెయ్యి పట్టుకుని నడుస్తూ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చారు. న్యూమన్ కూడా పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివినవారే.

దారి ఎలా?

పదో తరగతి తర్వాత లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్న గ్రూపు తీసుకోవాలి. డబ్బుకు ఇబ్బంది అయితే పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, నేరుగా బి.ఇ. రెండో ఏడాదిలో చేరొచ్చు. మెకానికల్, ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఏదైనా పనికొస్తుంది. కాలేజీలో విద్యార్థులే కారు తయారుచేసి పోటీకి దిగే ఫార్ములా భారత్, బాహా లాంటి జట్లలో తప్పక చేరండి. ఉద్యోగమిచ్చేవారు మార్కులతోపాటు మీ చేత్తో ఏం చేశారని అడుగుతారు. అమెరికాలో చదవాలనుకుంటే, షార్లట్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో మోటార్‌స్పోర్ట్స్ ఇంజినీరింగ్ బోధిస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట

దాచకుండా చెబుతున్నాను. స్టాక్ కార్ ఉద్యోగాలు ఉన్నది అమెరికాలో, అవీ కొద్దిగానే. మనవాళ్లకు వీసా, ఖర్చు రెండూ అడ్డమే. రేసులు వారాంతంలో జరుగుతాయి కాబట్టి పండగా పబ్బమూ ఇంట్లో ఉండదు. అందుకని రేసుల పేరు చెప్పి లక్షలు అడిగే చిన్న కోర్సులకు అప్పు చేయకండి. గుర్తింపు ఉందా, డిగ్రీ ఇస్తారా అని ముందు అడగండి. మామూలు ఇంజినీరింగ్ డిగ్రీ చేతిలో ఉంటే రేసు దొరకకపోయినా బతుకు దొరుకుతుంది. మన హోసూరులోనే టీవీఎస్, అశోక్ లేలాండ్ ఉన్నాయి. టీవీఎస్‌కు సొంత బైకు రేసింగ్ జట్టు కూడా ఉంది.

తెలుగు మీడియం అడ్డం కాదు. అయితే ఘర్షణ నేర్చుకున్న రోజే ఫ్రిక్షన్ అనీ, వ్యాసార్ధం నేర్చుకున్న రోజే రేడియస్ అనీ రాసుకోండి. ఇప్పటినుంచే నోటుబుక్కు వెనక పేజీల్లో ఆ రెండు వరుసలు మొదలుపెట్టండి. ఇంకా సందేహాలుంటే పిల్లవాణ్నో పిల్లనో వెంటబెట్టుకుని నా గదికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

— ప్రధానోపాధ్యాయుడు