బిట్రగుంట యార్డు లెక్కలు

విజయవాడ, మద్రాసు నగరాలను రైలుమార్గం 1899లో కలిపింది. సుమారు 430 కిలోమీటర్ల ఆ దారికి ఇంచుమించు నడిమధ్యన, నెల్లూరుకు ఉత్తరాన ఉండడం వల్లనే బిట్రగుంట ఆవిరి ఇంజన్లకు బొగ్గు, నీరు అందించే లోకోషెడ్డుగానూ, గూడ్సు బళ్ళను విడదీసి మళ్ళీ కూర్చే యార్డుగానూ ఎదిగింది. ఈ ఊరి చరిత్ర చెప్పేవారు ఇంజన్లనే తలచుకొంటారు. యార్డును నడిపినవి మాత్రం రిజిస్టర్లు.

ట్రెయిన్స్ క్లర్కు బండి పొడవునా నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరును, అది ఏ రైల్వేకు చెందినదో, ఎక్కడికి చేరాలో రాసుకొని, ఆ వివరాలతో గార్డుకు 'వెహికిల్ గైడెన్స్' అనే జాబితా ఇచ్చేవాడు. ఒక్కొక్క వ్యాగనుకు ఒక్కొక్క పద్దుగా, వెతికితే దొరికేటట్లు అమర్చిన ఈ లెక్కనే నేటి పరిభాషలో డేటాబేసు అంటారు. అయితే ఫలానా వ్యాగన్ ఎక్కడుందో చెప్పగల రిజిస్టరు, దారిలో రద్దీ ఎక్కడ పెరుగుతున్నదో చెప్పలేదు. అందుకు కంట్రోల్ ఆఫీసులో వేరే సాధనం ఉండేది: ఒక అంచున గంటలు, మరొక అంచున స్టేషన్లు గుర్తించిన పెద్ద చార్టుపై, స్టేషన్లు ఫోనులో చెప్పిన వేళలను బట్టి ప్రతి బండికీ ఒక గీత సాగేది, గీత వాలు వేగాన్ని తెలిపేది, ఒక బండి మరొకదాన్ని దాటినచోట గీతలు ఖండించుకొనేవి. ఇప్పుడు అనలిటిక్స్ పేరిట అమ్ముడయ్యే పరికరాలు చేసేది ఇంతకు మించినదేమీ కాదనడం అతిశయోక్తే గాని, పూర్తిగా అబద్ధం కాదు.

1980 నాటికి ఈ మార్గం విద్యుదీకరణ ముగిసి, ఆవిరి షెడ్డు ప్రాధాన్యం తరిగింది. సరుకు రవాణా సమాచారాన్ని కంప్యూటరుకు ఎక్కించడానికి 1986లో క్రిస్ అనే రైల్వే సంస్థ ఏర్పడింది. కాని ముందుగా ఫలితం చూపినది ప్రయాణికుల రిజర్వేషనే. ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు వేర్వేరు డేటాబేసులతో పనిచేసినంత కాలం, ఒక కేంద్రంలోని సీట్లు మరొక కేంద్రపు కౌంటరులో కనబడేవి కావు. రైల్వే పాలనకు నాడు సికింద్రాబాదును, ప్రయాణానికి తరచు మద్రాసును ఆశ్రయించిన నెల్లూరు తీరం వంటి ప్రాంతాలకు ఈ విభజన చిక్కే. అన్నింటినీ ఒకే యంత్రంలో పోయడమా, ఐదింటినీ ఉన్నచోటనే ఉంచి ముడివేయడమా అన్న ప్రశ్నకు రైల్వే రెండో దారినే ఎంచుకొన్నది. 1994 సెప్టెంబరులో సికింద్రాబాదులో మొదలైన కాన్సర్ట్ వ్యవస్థ 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలనూ కలిపింది. నాటి టెలిఫోను లైన్ల స్థితిని తలచుకొంటే, లైను తెగినా స్థానిక టిక్కెట్ల పని ఆగని ఈ ఏర్పాటు వివేకవంతమైనదే.

వ్యాగన్ల లెక్కకు 11 అంకెల సంఖ్య తర్వాత వచ్చింది. అందులో మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని, తర్వాతి రెండు సొంత రైల్వేను, ఆపై రెండు తయారైన ఏడాదిని, నాలుగు వరుస సంఖ్యను తెలుపుతాయి. చివరిది మిగిలిన పదింటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. నంబరులో ఒక అంకె తప్పుగా ఎక్కితే కంప్యూటరు అప్పటికప్పుడే పట్టుకొంటుంది; నడిచి రాసుకొన్న కాలంలో ఆ తప్పు తర్వాతి యార్డులో గాని బయటపడేది కాదు.